సిగ్నీ కోసం లేచిన నీళ్లు

తారల్డ్ సముద్రాన్ని పైకి లేపగలడు. నమ్మనివాళ్లు మా ఊరు స్యోవిక్ వచ్చి రేవులో ఎవరినైనా అడగవచ్చు. ఒకసారి పెళ్లాం పడవెక్కడం కోసం సముద్రాన్నంతటినీ ఉన్నపళాన మోకాలెత్తు లేపి, ఆవిడ సర్దుకుని కూర్చునేదాకా అలాగే పట్టి ఉంచి, ఆ తర్వాతే వదిలాడు. ఆ పూట అవతల డెన్మార్కు ఒడ్డున నీళ్లు చాలక చేపలు నడిచి వెళ్లాయట. పెద్ద ఓడొకటి ఇసుకలో ఒరిగిపోతే అందులోని కెప్టెను మంచం మీంచి దొర్లి వంటగదిలో తేలాడట. ఇదంతా అతని స్నేహితుడు హెల్గే చెప్పిన మాట. హెల్గే చెప్పినదాంట్లో సగం తీసేసి వినాలని ఊళ్లో అందరికీ తెలుసు. అయినా ఆ మిగిలిన సగం చాలు, తారల్డ్ ఎంతవాడో తెలుసుకోవడానికి.

చూడటానికి మాత్రం అలాంటి మహిమలేవీ కనిపించవు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, తాటిచెట్టంత పొడుగు, మోకాళ్లు వంచినప్పుడల్లా పాత తలుపు తెరిచినట్టు చప్పుడు. జీవితమంతా ఊరి బడిలో కిటికీ గొళ్లేలు, కుళాయిలు, పిల్లలు విరగ్గొట్టిన బెంచీలు బాగుచేసి రిటైరయ్యాడు. ఆస్తి అని చెప్పుకోవడానికి ఒక చెక్క పడవ ఉంది. పేరు తెర్నా. రెండు కొసలూ సన్నగా, నడుము వెడల్పుగా, మధ్యలో ఒంటి సిలిండర్ ఇంజను. అది డుంగు డుంగు మంటూ కదిలితే ఊళ్లో గడియారం లేనివాళ్లు కూడా తారల్డ్ కాఫీ వేళయిందని గ్రహించేవాళ్లు.

చెక్క పడవ పెట్టుకున్నవాడికి బుర్ర ఖాళీగా ఉండే రోజు ఉండదు. చలికాలమంతా షెడ్డులో ఎండిన బల్లలు వసంతంలో నీళ్లలోకి దించగానే జల్లెడలా కారుతాయి. అవి నీళ్లు తాగి, ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కునేదాకా పక్కన కూర్చుని తోడి పొయ్యాలి. తోడుతూ తారల్డ్ ఆలోచిస్తాడు. దీనికి ఏటా ఒళ్లంతా గీకి, నూనె పట్టించి, రంగేస్తున్నానే, నాకెవరైనా ఇలా చేస్తే మోకాళ్లు బాగుపడవూ? సముద్రపు కాకులకు ఇంత పెద్ద ఆకాశం ఉండగా నా బల్ల మీదే ఎందుకు రెట్ట వేయాలనిపిస్తుంది? కళ్లజోడు ఇంజను కింద పడితే, దాన్ని వెతకడానికి ఏ కళ్లజోడు పెట్టుకోవాలి?

ఇవన్నీ చిన్న బెంగలు. అసలు బెంగ సిగ్నీ.

సిగ్నీ అతని భార్య. పోస్టాఫీసు కిటికీ వెనక ముప్పై ఏళ్లు కూర్చుని ఊరంతటికీ జవాబు చెప్పిన మనిషి. పడవలో ఆవిడ చోటు ముందు బల్ల. తారల్డ్ వెనక చుక్కాని పడతాడు, ఆవిడ ముందు కూర్చుని నీళ్లలోకి చూస్తూ చెయ్యి ఎత్తుతుంది. ఎడమ చెయ్యి ఎత్తితే ఎడమకి, కుడి చెయ్యి ఎత్తితే కుడికి. రెండూ ఎత్తితే, ఆపు, చచ్చాం అని. ఆ దీవుల మధ్య నీళ్లకింద ఎన్ని రాళ్లున్నాయో అన్నీ ఆవిడకు చుట్టాల్లాగా తెలుసు. పోయిన శరదృతువులో ఆవిడకు తుంటి ఎముక మార్చారు. ఇప్పుడు చేతికర్రతో ఊరంతా తిరుగుతుంది, కొండ మీద చర్చి దాకా ఎక్కుతుంది, కానీ ఎత్తుమీంచి కిందికి కాలు చాపడమంటే భయం. గట్టు మీంచి పడవలోకి దిగడమంటే అదే కదా.

పక్క ఊరి అతిథిగృహం యజమాని ఒకడు పడవ కొంటానని వెంటపడుతున్నాడు. తిప్పుకోవడానికి కాదు, గుమ్మం ముందు పెట్టి, మట్టి నింపి, పూలమొక్కలు నాటడానికి. "అందంగా ఉంటుందండీ, ఎర్ర పూలు వేస్తాం" అని ఫోనులో మురిసిపోయాడు. తారల్డ్ ఫోను పెట్టేసి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. అయినా కాదనలేదు. జూన్ చివర వచ్చే నడి వేసవి మంటల పండగ అయ్యాక చెబుతానన్నాడు. సిగ్నీ మళ్లీ పడవెక్కితే సరే, లేదంటే ముందు బల్ల ఖాళీగా చూస్తూ చుక్కాని పట్టుకోవడం తనవల్ల కాదు. పూలు నాటుకుంటే నాటుకోనీ.

జూన్ మొదట్లో ఎండ విరగ్గాసింది. మా తీరంలో ఎండ కాస్తే ఇంట్లో ఉండటం తప్పు. పెళ్లిళ్లు వాయిదా వేసుకుంటారు, జ్వరాలు వాయిదా వేసుకుంటారు, అందరూ పడవల్లోనే. తారల్డ్ కూడా ఆ రోజే ముహూర్తం అనుకున్నాడు. సీసాల పెట్టె ఒకటి తిరగేసి పడవలో మెట్టులా వేశాడు. సిగ్నీ కొత్త టోపీ పెట్టుకుని రాతి గట్టు అంచుదాకా వచ్చి, కిందికి చూసింది. పడవ ఎక్కడో అడుగున ఉంది.

"నేను పట్టుకుంటాగా, నువ్వు కాలు పెట్టు," అన్నాడు తారల్డ్ కిందినుంచి చేతులు చాపి.

"ఎక్కడ పెట్టేది? బావిలోకి దిగమంటున్నావా?"

"పెట్టె వేశాను కదా."

"ఆ పెట్టె ఊగుతోంది. పడవ ఊగుతోంది. పట్టుకుంటానన్నవాడివి, నువ్వూ ఊగుతున్నావు."

అప్పుడే హెల్గే తన తెల్లటి ప్లాస్టిక్ పడవలో పక్కనుంచి పోతూ నోరు ఊరుకోక అరిచాడు: "ఒరే తారల్డూ, క్రేను పంపించమంటావా?"

రేవంతా నవ్వింది. సిగ్నీ కూడా నవ్వింది. నవ్వుతూనే కర్ర తిప్పుకుని ఇంటిదారి పట్టింది. ఆ టోపీ మళ్లీ అలమారలోకి వెళ్లిపోయింది.

హెల్గే చెడ్డవాడు కాడు, నోరు మాత్రమే చెడ్డది. ఆ సాయంత్రం భార్య చేసిచ్చిన వాఫల్ అట్లు పళ్లెంలో పెట్టుకుని వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాడు.

"సిగ్నీ, నా నోట్లో పెద్ద రాయి పెట్టుకుని ఈత కొట్టాల్సింది. ఒక మాట విను. తేలే రేవులో నా చోటుంది చూశావా, అది నీళ్లతో పాటే లేస్తుంది, పడుతుంది. అక్కడికి పడవ తెప్పించుకుని ఎక్కు. ఎత్తూ పల్లం అసలుండదు."

"ఊగే బల్ల మీంచి ఊగే పడవలోకా?" అంది సిగ్నీ పళ్లెం అందుకుంటూ. "నాకు ఒక కాలికైనా రాయి ఉండాలి హెల్గే. పైగా అక్కడ నీలాంటివాళ్లు పదిమంది కాఫీ కప్పులు పట్టుకుని కూర్చుంటారు. నేను సర్కసు కంపెనీ పెట్టలేదు."

తర్వాత తారల్డుతో మామూలుగానే అంది, బంగాళాదుంపలు తొక్క తీస్తూ: "అమ్మెయ్యవయ్యా. పూలంటే నాకూ ఇష్టమే."

తారల్డ్ బయటికి వెళ్లి, ముందురోజే బిగించిన గొళ్లేన్ని విప్పి మళ్లీ బిగించాడు.

పండగ ఇంకో వారం ఉందనగా వాతావరణం తిరగబడింది. నైరుతి గాలి రాత్రంతా పెంకులు లాగి, తెల్లారేసరికి అలిసిపోయి పడుకుంది. వాన మాత్రం నిలువుగా, తీరిగ్గా కురుస్తోంది. తారల్డ్ గోడమీద బారోమీటరును వేలితో తట్టాడు. ముల్లు ఇంకాస్త కిందికి జారింది. అల్పపీడనం. అంటే రేవులో తాళ్లు వదులు చేయాలి.

మా దగ్గర ఆటుపోట్లు పేరుకే. ఇక్కడి సముద్రం చంద్రుణ్ణి పెద్దగా లెక్కచెయ్యదు, గాలి మాట వింటుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే పైనున్న గాలి బరువెక్కి నీళ్లను అణిచేస్తుంది, గట్టు పొడుగ్గా కనిపిస్తుంది. అల్పపీడనం వచ్చిందంటే ఆ బరువు తీసేసినట్టు నీళ్లు పైకి వస్తాయి, నైరుతి గాలి వెనకనుంచి ఇంకాస్త తోస్తుంది. ఇది పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. తాళ్లు ఎప్పుడు బిగించాలి, ఎప్పుడు వదలాలి అన్నదానికే ఆ తెలివంతా వాడతారు. ఎండొస్తే పడవ, వానొస్తే ఇల్లు అన్న లెక్క ఎముకల్లో ఇంకిపోయినవాళ్లకు ఇంకోలా తోచదు మరి.

తారల్డ్ రెయిన్‌కోటు వేసుకుని వెళ్లాడు. ముందు తాడు వదులు చేశాడు, వెనక తాడు అందుకోవడానికి గట్టు మీంచి పడవలోకి అడుగు వేశాడు. తాడు విప్పుతూ మధ్యలో ఆగిపోయాడు. మోకాలు చప్పుడు చెయ్యలేదు.

తిరిగి గట్టు మీదికి అడుగేశాడు. మళ్లీ పడవలోకి. వంటగదిలోంచి వసారాలోకి వచ్చినట్టుంది. వానలో ఒక పొడుగాటి ముసలాయన పడవలోకీ బయటికీ ఊరికే అడుగులు వేస్తుంటే చూసినవాళ్లు ఏమనుకునేవాళ్లోగాని, చూడటానికి రేవులో పిట్ట కూడా లేదు.

ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి, నీళ్లు కారుతూ చెప్పాడు: "బట్టలు వేసుకో."

"వేసుకునే ఉన్నాను."

"రెయిన్‌కోటు. పడవెక్కుదువుగాని."

సిగ్నీ చేతిలో అల్లిక ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూసింది, తర్వాత అతన్ని చూసింది. "మతి ఉందా? ఈ వానలోనా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"ఎవరూ చూడరు. వాన కదా."

"మునుగుతాం."

"గాలి లేదు. దీవుల లోపలే తిరుగుదాం." కాస్త ఆగి అన్నాడు. "నీళ్లు పైకొచ్చాయి, సిగ్నీ. గట్టుకు సమానంగా వచ్చాయి. ఒక్కసారి వచ్చి చూడు. నచ్చకపోతే వెనక్కొచ్చేద్దాం, మళ్లీ ఎప్పుడూ అడగను. వాడికి ఫోను చేసి మట్టి తెచ్చుకోమంటాను."

సిగ్నీ లేచింది. అలమారలోంచి కొత్త టోపీ కాదు, పసుపుపచ్చ వాన టోపీ తీసింది.

గట్టు అంచున నిలబడి కర్రతో పడవ అంచును తట్టి చూసింది, నిద్రపోయే ఆవును లేపినట్టు. పడవ అక్కడే ఉంది, పాదం పక్కనే. ఒక చెయ్యి తారల్డ్ భుజం మీద వేసి, ఒక కాలు రాతి మీదే ఉంచి, రెండో కాలు లోపల పెట్టింది. తర్వాత మొదటి కాలు. అంతే. ముందు బల్ల మీద కూర్చుని, ముఖం తిప్పేసుకుని, చాలాసేపు ముక్కు తుడుచుకుంది.

"వాన," అంది.

"అవును, వాన," అన్నాడు తారల్డ్, ఇంజను హ్యాండిల్ తిప్పుతూ.

డుంగు డుంగు మని తెర్నా కదిలింది. ఆ చప్పుడుకు హెల్గే మంచం మీద లేచి కూర్చున్నాడు. ఈ వానలో తారల్డ్ పడవ ఎవరో తీస్తున్నారంటే దొంగలే అయ్యుండాలి. లోపలి పొడుగు లాగుతోనే, కొక్కెం కర్ర పట్టుకుని రేవు మీదికి పరిగెత్తుకొచ్చాడు.

"ఆపండ్రా వెధవల్లారా! అది తారల్డ్ పడవ!" అని అరిచి, వానలో కళ్లు చిట్లించి చూశాడు. ముందు బల్లమీది పసుపు టోపీ చెయ్యి ఎత్తి ఊపింది.

"లాగు బాగుంది హెల్గే!" అంది. "క్రేను అక్కర్లేదులే!"

హెల్గే గట్టు చూశాడు, నీళ్లు చూశాడు. కొక్కెం కర్ర పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే నిలబడిపోయాడు. చేపలూ, డెన్మార్కూ, ఒరిగిన ఓడా అన్నీ అక్కడే, ఆ తడిసిన లాగులోనే పుట్టాయి.

దీవి వెనక గాలి తగలని చోట లంగరు వేసి, టార్పాలిన్ తలమీదికి లాక్కుని, ఫ్లాస్కులో కాఫీ తాగుతూ, బ్రెడ్డు మీద గోధుమరంగు జున్ను పెట్టుకుని తిన్నారు. టార్పాలిన్ మీద వాన టపటపలాడుతోంది.

"మేలో ఒక్కడివే వెళ్లి పడవను రాయికి కొట్టావు కదూ?" అంది సిగ్నీ.

తారల్డ్ నములుతున్నది ఆపాడు. "ఎవరు చెప్పారు?"

"నీ చొక్కా చెప్పింది. మోచేతి దగ్గర ఎర్ర రంగు. పడవ అడుక్కి రంగెయ్యడం నీకు ఏప్రిల్లోనే అయిపోతుంది. మళ్లీ వేశావంటే ఎక్కడో గీసుకున్నట్టే."

"చెబితే బాధపడతావని."

"బాధా?" సిగ్నీ కప్పు రెండు చేతులా పట్టుకుంది. "చలికాలమంతా ఒకటే అనుకున్నాను, నేను లేకపోయినా నీకు బాగానే గడుస్తుందని. ఆ చొక్కా ఉతుకుతూ ఎంత సంతోషించానో నీకు తెలీదు."

తారల్డ్ తన జున్ను ముక్క సగం తుంచి ఆవిడ బ్రెడ్డు మీద పెట్టాడు.

వాన పలచబడింది. పడమట మబ్బు చిరిగి, నీళ్లమీద వెలుగు చార పడింది. మామూలుగా అయితే తీరమంతా చొక్కాలు విప్పే క్షణం అది. సిగ్నీ మాత్రం కప్పు బోర్లించి లేవబోయింది.

"పద పద! ఎండ వచ్చేస్తోంది! నీళ్లు దిగిపోతే నన్ను తాడుకట్టి లాగాలి!"

"అంత తొందరగా దిగవు."

"నీకేం, పొడుగు మనిషివి. తిప్పు!"

దారంతా ఆవిడ చెయ్యి ఎత్తుతూనే ఉంది, ఎడమ, కుడి, ఎడమ, మేలో తగిలిన రాయి దగ్గర మాత్రం వెనక్కి తిరిగి అతనికేసి చూపుడు వేలు ఆడించింది. రేవు చేరేసరికి గట్టు ఒక్క అంగుళం కూడా పెరగలేదు. ఎక్కినట్టే దిగింది.

ఇంట్లోకి రాగానే, తడి కోటు విప్పకుండానే అతిథిగృహం ఆయనకు ఫోను చేసింది సిగ్నీ. పోస్టాఫీసు గొంతుతో: "నమస్కారమండీ. పడవ ఇవ్వడం లేదు. మట్టి వేరే దేంట్లోనైనా పోసుకోండి. శుభం."

అప్పటినుంచి స్యోవిక్‌లో అందరూ ఎండ కోసం ఎదురుచూస్తుంటే వాళ్లిద్దరూ అల్పపీడనం కోసం ఎదురుచూస్తున్నారు. రేడియోలో వానలని చెబితే సిగ్నీ జున్ను కోస్తుంది. హెల్గే కథ కూడా పెరుగుతూ పోయింది. చేతులు పైకెత్తాడట, మంత్రం చదివాడట, నీళ్లు అతని వెంట కుక్కపిల్లలా వచ్చాయట. మొన్న రేవులో వేసవికి వచ్చిన కొత్తవాళ్ల ముందు అదంతా చెప్పి, సాక్ష్యం కోసం తారల్డ్ వైపు తిరిగాడు. తారల్డ్ తాడు ముడి వేస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు:

"నేనేం లేపలేదు. బారోమీటరు పడింది. లేచింది కూడా మోకాలెత్తు కాదు, రెండు జానలు."