అడవికందకు అభిషేకం

చిత్తూరు దగ్గర మా అమ్మ పెరడు బైపాస్ రోడ్డు కిందికి పోయినప్పుడు ఆమె తవ్వి దాచుకున్నది ఒక్క అడవికంద గడ్డనే. కొబ్బరికాయంత ఉంటుంది. పాత చీరముక్కలో చుట్టి తిరుపతికి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఏటా ఆకు ఎండిపోతాది. సచ్చిందనుకోబాకు, గడ్డ నిద్రపోతాంటాది. మళ్ళా ఆకు లేసేదాకా సుక్క నీళ్ళు పొయ్యబాకు. నా కాడ ఇంగో గడ్డ లేదు మే," అంది.

నాకు చెప్పాలా? నేను సైన్సు టీచర్ని. మేడమీద సిమెంటు కుండీలో పెట్టి నాలుగేళ్ళు సాకాను. ఏటా ఒకటే కాడ, పైన గొడుగంత ఒకటే ఆకు. చలికాలానికి అదీ ఎండిపోయేది. "ఉత్త మట్టికి కాపలా కాస్తాండారా మేడమ్?" అని మా అపార్టుమెంటు మహానుభావులు ఇకిలించేవాళ్ళు. గులాబీ తప్ప ఇంకో మొక్క ఎరగని మొహాలు!

ఐదో ఎండాకాలం ఆకుకు బదులు మొగ్గ వచ్చింది. అది విచ్చుకున్న రోజు భవనమంతా చచ్చిన ఎలుక కంపు. అపార్టుమెంటు సంఘం అధ్యక్షుడు ఎలుక కోసం నీళ్ళ ట్యాంకు మొత్తం ఖాళీ చేయించాడు. ఎలుకా లేదు, తోకా లేదు. చివరికి ముక్కు మూసుకుని మేడెక్కి పువ్వును చూశాడు. "దీన్ని పీకి పారేయండి!" అని నామీద ఎగిరాడు.

అంతలో పై అంతస్తు పెద్దావిడ వచ్చింది. పడగ విప్పినట్టున్న నల్లెరుపు రేకును చూసి టపటపా చెంపలేసుకుంది. "నాగమ్మ తల్లి వచ్చిందిరా సామీ!" అంది.

ఇంకేముంది? పీకమన్న పెద్దమనిషే చెప్పులు విడిచాడు. పసుపు, కుంకుమ, కోడిగుడ్డు, పాలు. మూడు రోజులు పొద్దున్నే అభిషేకం. అవే ముక్కులు, అదే కంపు, ఒక్కరూ కిక్కురుమనలేదు. లేని పాముకు పాలు పోసేవాళ్ళను ఏమనాలి?

"యాడన్నా బుద్ధుండాదా మీకు? గడ్డ కుళ్ళిపోతాది!" అని అరిచాను. ఎవరు వింటారు? చదువుకున్నదాన్ని కదా, విరుగుడు నేనే చేశాను. వాళ్ళ పాలజిడ్డు వదిలేదాకా రోజూ సాయంత్రం బకెట్లకు బకెట్లు నీళ్ళు పోసి కుండీ కడిగాను.

పువ్వు వాలిపోయింది. కంపుతోపాటు భక్తీ పోయింది. ఆకు మాత్రం రాలేదు. నెలన్నర చూసి తవ్వితే, నా చేతివేళ్ళు గడ్డలోకి గంజిలోకి దిగినట్టు దిగాయి.

అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను. "ఆ మూర్ఖులు పాలు పోసి సంపేసినారమ్మా!"

"ఎన్ని పాలు మే?"

"రోజుకో గ్లాసు. మూడు రోజులు."

"అంతమాత్రానికి కుళ్ళదే," అంది. తర్వాత మెల్లగా అడిగింది. "నువ్వేమన్నా నీళ్ళు పోసినావా?"

"పొయ్యలేదమ్మా," అనేసింది ఈ సైన్సు టీచరు.