తాత ఎండబెట్టిన చబుకు

నిన్న బడా బజార్‌లో చేపలమ్మే ఆమె చాటంత బల్లపరుపు టేకు చేపకుండే తాడులాంటి తోక నరికి చెత్తలో పారేసింది. చేప తలకాయ కూడా వృథా పోనివ్వని దాన్ని, ఆ నీచు వాసన ముక్కుకు తగలగానే ఏమీ కొనకుండానే వచ్చేశాను.

పొడంపేటలో మా తాత ఆ తోకను పారేసేవాడు కాదు. బారెడు తోకకు కింద రాయి కట్టి చూరుకు వేలాడదీసేవాడు. అది ఎండి, నిటారుగా, గరుకుగా అయ్యాక మా ఇంట్లో చబుకు అనేవారు. ఎండిన తోకకు పేరే అదనుకున్నాను. ఏటా రెండు జమీందారు కచేరీకి ఇచ్చుకోవాలట. నేను పుట్టేనాటికే జమీందారీ పోయింది, కచేరీకి తాళం పడింది. ఇక ఎండబెట్టవద్దని మాత్రం తాతకు ఎవరూ చెప్పలేదు.

నాకు ఆరేళ్లప్పుడు ఒకరోజు చూరుకున్న చబుకు లాగి గాలిలో తిప్పాను. సుయ్యిమంది. వల కుడుతున్న తాత ఆ చప్పుడుకే చటుక్కున లేచి, మోకాళ్లు పట్టుకుని, నా వైపు వీపు పెట్టి వంగాడు.

“కొట్టకండి బాబూ, రేపు తెత్తాను.”

ఆట అనుకున్నాను. పకపకా నవ్వి ఒక్కటి వేశాను.

“ఇంకోపాలి, తాతా!”

తాత వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.

మామ్మ పరుగున వచ్చి చబుకు లాక్కుంది. “ఇదేటనుకున్నావే గుంటా? సేపలు తగ్గిన్నాడల్లా కచేరీలో మడుసుల్ని దీంతోనే కొట్టీవోరు. మీ తాత ఎండబెట్టినవే మీ తాత ఈపు మీద ఇరిగీవి.”

తాత మెల్లగా కూర్చుని వల మళ్లీ ఒళ్లోకి లాక్కున్నాడు. “పిల్లని తిట్టకే. దెబ్బ తగల్నేదు.”

తగిలింది. ఆ చప్పుడు నేను విన్నాను.