గట్టు లేని మడి

నాకు కప్పలంటే అసయ్యం, ముందే చెప్తాండా. అట్లాంటిది మా మిద్దె మీద బాడిగకుండే నాగవేణి గాజు పెట్టెలో కప్పల్ని పెంచుతానంటే ఊరకుంటానా?

"ఏంది తల్లీ, కుక్క దొరకలేదా, పిల్లి దొరకలేదా?" అని మా బ్రూస్‌పేట వీధి సగం వినేట్టు అరిసినా.

ఆయమ్మ జీన్సు కుట్టే మిషను ఆపి కండ్లల్లో నీళ్లు పెట్టుకునె. "మా మామయ్యగారి కోసం, అక్కమ్మ పిన్నిగారూ. ఆయన చూసుకోడానికి ఏదో ఒకటి ఉండాలి."

ఆ మామ శివరామకృష్ణయ్య. మోక ఊరి దగ్గర కాలవ కింద ఇన్నేండ్లూ వరి పండించినాడు. మోకాలు ఆపరేషనయినంక మడి కౌలుకిచ్చి, ఆయప్పను ఈడికి తెచ్చిరి. నడవకపోతే కాలు బిగుసుకుపోతాదని డాక్టరు నెత్తీ నోరూ కొట్టుకున్నా, కిటికీ కాడ కుర్చీ వదిలేవాడు కాదు. "లేచి ఎక్కడికెళ్లాలమ్మా? నాకోసం ఎవరు చూస్తున్నారు?" అనేవాడు.

దినమంతా కుట్టే మనిషికి చాకిరీ తక్కువుండే జీవి కావల్ల. చేపల అంగడోడు ఏదో విదేశీ కప్పను చూపించి, దీనికి పొద్దస్తమానం వేడి లైటుండాలనె. మా కరెంటు సంగతి వానికేం తెలుసు? చెట్టు కప్పకేమో గడియగడియకూ నీళ్లు చల్లల్ల. మూత తీస్తే గోడెక్కుతాది. ఆఖరికి నాగవేణి వాళ్ల మడి కాడ నుంచే గరుకు ఒళ్లుండే గోదురు కప్పల్ని రెండు, పిడికెడు వరి నారుతో సహా తెచ్చె. తడిమట్టి, చిన్న గిన్నెలో నీళ్లు, రెండు దినాలకొకసారి పురుగులు. అంతే వాటికి.

కోడలు కుట్టిన ప్యాంట్లు ఇచ్చిరాను పోతే, పెద్దాయన కుర్చీలో కూసోనే పెట్టె సిద్ధం చేసినాడు. తెల్లారి నాగవేణి కేక విని పైకి పరిగెత్తినా. చూస్తే పెట్టె నిండా నీళ్లు, వరసగా నాట్లు! ఒక కప్ప గాజును గీరుతాండాది, ఇంకొకటి కాళ్లు చాపి తేలుతాండాది. ఛీ ఛీ అనుకుంటానే చెయ్యి పెట్టి రెండింటినీ బయటికి తీసినా. కాసేపటికి తేలేదానికి గొంతు కింద కదిలింది.

బతికిందని తెలిసినంకే నాకు కోపమొచ్చె. "ఏమప్పా పెద్దాయనా, ఇన్నేండ్లు సేద్యం చేసినారే, గట్టు లేని మడి యాడన్నా చూసినారా? అవి యాడ కూసోవల్ల?"

అన్నంక భయమయ్యె. ఆయప్ప నన్నే చూసి, ఉన్నట్టుండి నవ్వినాడు. "గట్టే మర్చిపోయానమ్మా! కాస్త బంకమట్టి దొరుకుతుందా?"

"కింద నా పూలకుండీల కాడ ఉండాది. కావాలంటే మీరే వచ్చి తీసుకోండి."

నాగవేణి మట్టి తేను పోబోతే మోచెయ్యి పట్టి ఆపినా. ఆయప్ప కిటికీ కటకటాలు పట్టుకుని లేచినాడు. ఒక మెట్టు, ఇంకొక మెట్టు. నేను ముందర చేతులడ్డం పెట్టుకుని దిగుతాండా, నోరు మాత్రం తిడ్తానే ఉండాది. కింద పాదం మోపినంక కోడలు ఏడ్చేసె.

అప్పటి నుంచి పురుగుల కోసం నా కుండీలన్నీ తవ్వుతాండాడు. బంతి మొక్కలన్నీ పాడు! రెండు దినాలకొకసారి మేపితే చాలని ఆయప్పకు ఇంకా తెలీదు. దినామూ దిగొస్తాడు. నేనెందుకు చెప్తా?