సన్నాసయ్య అరచెయ్యి

విజయనగరంలో మేముండే వీధి చివర సాయంత్రాలు ఒకతను బజ్జీల బండి పెడతాడు. మంచివాడే, ఎవరి జోలికీ పోడు. కానీ నిన్నటి నూనెను ఇవాళ మళ్ళీ పొయ్యి మీదికెక్కించినప్పుడు మొదట లేచే కమురు వాసన గాలిలో తేలుతూ మా గుమ్మం దాకా వచ్చేసరికి, అరవై దాటిన ఈ వయసులో కూడా లేచి తలుపు వేసేస్తాను. నాకు ఆ వాసన వెనక ఒక మనిషి కనిపిస్తాడు.

అతని పేరు సన్నాసయ్య. నా చిన్నప్పుడు నెల్లిమర్లలో, జూటు మిల్లుకు వెళ్ళే రోడ్డు పక్కన, తాటాకు పాకలో హోటల్ నడిపేవాడు. పొట్టిగా, నున్నటి గుండుతో, ఎప్పుడో తెల్లగా ఉండి ఉండాల్సిన బనియనుతో, భుజాన ఒక తువ్వాలుతో ఉండేవాడు. ఆ తువ్వాలుతోనే మెడ మీది చెమటా, ముక్కూ, బల్లలూ, మంచినీళ్ళ గ్లాసులూ తుడిచేవాడు. సాంబారు గరిటెతో తీసి, పెదాలకు ఆనించుకుని జుర్రి, మిగిలింది మళ్ళీ గుండిగలోనే ఒంపేవాడు. అట్లు తిరగేసే అట్లకాడతో వీపు గోక్కునేవాడు. చాటుగా ఏమీ కాదు, అందరి కళ్ళెదుటే. చూసినవాళ్ళు నవ్వుకుని “ఆడు అదో రకం మనిసి” అనేవారు. ఆ ఒక్క మాటతో అతనికి అన్నీ చెల్లిపోయేవి.

ఆ హోటల్లో నాకిది కావాలని ఎవరూ అడగకూడదు. మగవాళ్ళు బల్ల ముందు కూర్చోగానే సన్నాసయ్య వచ్చి, చొక్కా పైకి జరిపి, పులిసిన పిండి అంటిన తడి అరచెయ్యి వాళ్ళ పొట్ట మీద ఆనించి, నాడి చూసే వైద్యుడిలా కళ్ళు మూసుకునేవాడు. తరవాత “నాలుగు” అనో “ఆరు” అనో లోపలికి కేకేసేవాడు. ఆడవాళ్ళనూ పిల్లలనూ ముట్టుకునేవాడు కాదు, కంటితో చూసే చెప్పేవాడు. ఎన్నంటే అన్నీ తినాల్సిందే. ఆకులో ముక్క మిగిలితే, బల్లకీ గోడకీ మధ్య ఉన్న సందులో అడ్డంగా నిలబడి లేవనిచ్చేవాడు కాదు. ఆకు ఖాళీ చేసిన పిల్లలకు మాత్రం ఒక జిలేబీ చేతిలో పెట్టేవాడు. పక్క ఊళ్ళ నుంచి కూడా జనం పనిగట్టుకుని వచ్చేవారు. తినడానికంటే, పక్కవాడు మింగలేక గుడ్లు తేలేస్తుంటే చూడడానికే ఎక్కువమంది వచ్చేవారని ఇప్పుడనిపిస్తుంది.

మా పేటలో పిల్లలం తొక్కుడుబిళ్ళ ఆడి విసుగొచ్చాక సన్నాసయ్య ఆట ఆడేవాళ్ళం. ఒకరు మెడలో గుడ్డపేలిక వేసుకుని మిగతావాళ్ళ పొట్టలు నొక్కి లెక్క చెప్పాలి. మిగతావాళ్ళు గోగాకులో మట్టి ముద్దలు పెట్టుకుని తింటున్నట్టు నటించాలి. వానలు తగ్గుముఖం పట్టి, చుట్టుపక్కల చెరువుల్లో గోగుకట్టలు నానేసి, ఊరంతా ఆ కుళ్ళిన నార వాసన కమ్ముకునే రోజుల్లో ఈ ఆట ఎక్కువగా సాగేది. ఆ వాసనను కొత్తవాళ్ళు భరించలేకపోయేవారు గాని మాకది అన్నం వాసనలాంటిదే, నాన్న ఒంటి మీదా అదే ఉండేది.

నాన్న దేవదానం మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసేవాడు. నెమ్మదైన మనిషి, ఎవరైనా గొంతు పెంచితే తనదే తప్పేమో అన్నట్టు తల దించుకునేవాడు. బాప్టిస్టు చర్చి వెనక వీధిలో మా ఇల్లు. ఇంట్లో నాన్న తల్లి, మా మామ్మ, మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసింది. ఆమెకు మురికంటే పాపంతో సమానం. అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళిన ఆ ఏడే నాన్నకు పచ్చకామెర్లు వచ్చాయి. మామ్మ నూనె సీసా అటక మీద పెట్టేసి, నాన్నకు నెలన్నర పాటు జావ, మజ్జిగ తప్ప ఏమీ ఇవ్వలేదు. ఇంట్లో తాలింపు చప్పుడే లేదు. నాకు నాలుక చచ్చిపోయింది.

నాన్న లేచి తిరగడం మొదలెట్టిన మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక, మామ్మ ఎవరినో పలకరించడానికి చర్చిలో ఆగిపోయింది. నేను నాన్న వేలు పట్టుకుని పూరీ తింటానని మొదలుపెట్టాను. వద్దన్నాడు. నేను రోడ్డు మీద కూలబడ్డాను. “పద, నువ్వు తిను. నాను కూకుంటాను” అని తీసుకెళ్ళాడు.

హోటల్ నిండుగా ఉంది. సన్నాసయ్య వచ్చి నన్ను చూసి “రెండు” అన్నాడు. తరవాత నాన్న చొక్కా పట్టుకున్నాడు.

“నాకొద్దు బాబూ. కామెర్లొచ్చి మొన్నే లెగిసినాను. పిల్లకి పెట్టు, సాలు,” అన్నాడు నాన్న.

“నీ నోరు సెప్పింది నానెందుకినాల?” అంటూ సన్నాసయ్య అరచెయ్యి పొట్ట మీద నొక్కాడు. “నీ పొట్ట సెప్తన్నాది. ఖాళీ డబ్బాలాగున్నాది. ఆరు!”

నూనె కారుతున్న పూరీలు ఆరు వచ్చాయి. నాన్న చుట్టూ చూశాడు. అందరూ ఇటే చూస్తున్నారు. తుంచి నోట్లో పెట్టుకున్నాడు. మూడు తిన్నాడు, నీళ్ళు తాగాడు, నాలుగోది సగం దాకా వచ్చి ఆగిపోయాడు. సన్నాసయ్య అప్పటికే సందులో అడ్డంగా నిలబడి ఉన్నాడు.

“నా ఆకులో ఒగ్గీసి ఎవులూ లెగనేదు. నువ్వు లెగుస్తావేటి?”

నాన్నతో పాటే మిల్లులో పనిచేసే సింహాచలం అవతలి బల్ల మీంచి “తినవోయ్ దేవదానం, పెబువిచ్చిన రొట్టె” అన్నాడు. హోటలంతా గొల్లుమంది. బుగ్గలు రెండూ ఉబ్బి, కళ్ళలో నీళ్ళు నిండి, నాన్న అచ్చం మా ఆటలో పిల్లల్లాగే ఉన్నాడు. నేను కూడా నవ్వాను. గట్టిగానే నవ్వాను.

అయిదో పూరీ నోట్లో ఉండగా నాన్న ఆకు మీదే కక్కేశాడు. బల్ల మీదికీ, తెల్ల చొక్కా మీదికీ, నా గౌను అంచు మీదికీ వచ్చింది. నవ్వులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలయ్యాయి. సన్నాసయ్య కదల్లేదు. “నా బల్ల మీద కక్కినావు. నువ్వే ఎత్తు,” అన్నాడు. నాన్న జేబురుమాలు తీశాడు. అది చాలలేదు. రెండు చేతులతో ఆకులోకి తోసుకుంటూ, “తప్పయిపోనాది బాబూ” అంటూ తుడిచాడు.

అప్పుడు సన్నాసయ్య నా ఆకు ఎత్తి అందరికీ చూపించాడు. “దీన్ని సూడండి, అద్దంలాగున్నాది. అయ్య కన్నా బిడ్డ నయం.” నా చేతిలో జిలేబీ పెట్టాడు. నేను తీసుకున్నాను. నాన్న బల్ల తుడుస్తుంటే పక్కన నిలబడి తిన్నాను, మోచేతి దాకా కారిన పాకం నాకాను. ఆ జిలేబీ బాగుంది. ఇన్నేళ్ళ తరవాత కూడా, ఆ హోటల్లోని మురికంతా ఒక ఎత్తు, అది బాగుందన్న సంగతి ఒక ఎత్తు.

దారిలో నాన్న ఒక్కటే మాట అన్నాడు. “మామ్మకి సెప్పకే.” కానీ మామ్మ జేబురుమాలు ఉతుకుతూ వాసన చూసింది. నా గౌను చూసింది. అడిగితే అంతా చెప్పేశాను, నవ్విందీ జిలేబీ తిన్నదీ తప్ప.

మర్నాడు పొద్దున్నే, ఉతికిన తెల్లచీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని హోటల్‌కు వెళ్ళింది. అప్పుడే షిఫ్టు దిగినవాళ్ళతో బల్లలన్నీ నిండి ఉన్నాయి.

“ఒరే సన్నాసీ, ఇలా కూకో.”

“ఏటత్తా?”

“కూకోమన్నాను.”

అతను కూర్చున్నాడు. మామ్మ అతని బనియను పైకి తోసి, ముఖం తిప్పుకోకుండా, తన అరచెయ్యి ఆ చెమట పొట్ట మీద పెట్టింది. “పది,” అంది మామ్మ. “పదీ తిను. ఒక్కటి ఒగ్గినా లెగనియ్యను.”

అతని తల వంగుతుందనుకున్నాను. మామ్మా అదే అనుకుని ఉంటుంది. సన్నాసయ్య మాత్రం చుట్టూ చూశాడు. అన్ని కళ్ళూ తన మీదే ఉన్నాయని గమనించాడు. అతని ముఖం దీపం పెట్టినట్టు వెలిగిపోయింది. పది పూరీలూ తెప్పించుకుని, ఒక్కోటీ ఎత్తి చూపిస్తూ తిన్నాడు. కూర జుర్రాడు. ఆకు నాకి బోర్లించాడు. “సాలా అత్తా? ఇంకో రెండు లాగించీమంటావా?” అన్నాడు. చప్పట్లు, ఈలలు. ఎవరో మామ్మను కూడా మెచ్చుకున్నారు.

మామ్మ ఆ చేతిని ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని ఇంటిదాకా నడిచింది. ఆసుపత్రి సబ్బుతో మూడుసార్లు కడుక్కుంది. “సిగ్గుంటే గదే సిగ్గుపడతాడు,” అంది, నాతో కాదు, సబ్బుతో.

నాన్న మళ్ళీ నెలరోజులు మంచాన పడ్డాడు. లేచాక మిల్లుకు ఆ రోడ్డు మీదుగా వెళ్ళడం మానేసి, చంపావతి ఏటి ఒడ్డు వెంట చుట్టు తిరిగి వెళ్ళేవాడు, రిటైరయ్యేదాకా. పేటలో పిల్లలు మా ఆటకు కక్కుకోవడం కూడా కలిపారు. నేను ఆడడం మానేశాను. సన్నాసయ్య పోయినప్పుడు ఊరంతా కదిలి వెళ్ళిందని విన్నాను.

ఇప్పుడు ఆ పాక లేదు, అక్కడ సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. చెరువుల్లో గోగు నానేసేవాళ్ళు కనబడరు. నాన్నా మామ్మా ఎప్పుడో వెళ్ళిపోయారు. మొన్న నెల్లిమర్లలో ఒక పెళ్ళికి వెళితే, భోజనాల దగ్గర సింహాచలం కనిపించాడు. ఎనభై దాటాడు. చుట్టూ కుర్రాళ్ళను కూర్చోబెట్టుకుని, చర్చి ముసలమ్మ వచ్చి పొట్ట తడిమితే పది పూరీలు తిన్న సన్నాసయ్య కథ చెబుతున్నాడు. ఎంత మంచి మనిషి, పెద్దామె మాటకి ఎదురు చెప్పలేదు అంటున్నాడు. ఆ కథలో మా నాన్న లేడు.

నేను ప్లేటు పక్కన పెట్టి, దానికి ముందు రోజు ఏం జరిగిందో చెప్పాను. కామెర్లు, పూరీలు, చేతులతో తుడవడం అన్నీ. కుర్రాళ్ళు తినడం ఆపేశారు. సింహాచలం నా ముఖంలోకి చూశాడు. కోపంగా కాదు, గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

“నువ్వూ నవ్వినావు గదమ్మా ఆ రోజు,” అన్నాడు.

“అవును,” అన్నాను.

ఆ పాకలో నవ్విన వాళ్ళలో ఇప్పుడు మిగిలింది మేమిద్దరమే.