ఎర్త్ గుంటలో నీళ్లు

మొన్న మా తెనాలి ఇంటికి వైరింగ్ మార్చడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్, పెరట్లోని పాత ఎర్త్ గుంట పూడ్చేస్తానని, ఇప్పటి ఎర్తింగ్‌కు ఉప్పూ బొగ్గూ అక్కర్లేదని, ఎండాకాలం నీళ్లు పోసే బాధ కూడా ఉండదని చెబుతుంటే, సరేనని తలూపాను గానీ ఆ తరువాత ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయాను. ఒకప్పుడు ఆ గుంటలో బిందెలకొద్దీ నీళ్లు పోసినవాణ్ణి మరి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. రోజూ ప్యాసింజర్‌లో బాపట్ల ఆఫీసుకు వెళ్లివచ్చేవాణ్ణి. రేపల్లెలో ఉండే మా అక్కకు ఒక చెవి అప్పటికే పోయింది, రెండోది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమని గుంటూరు డాక్టరు తేల్చేశారు. అక్క ఏడవలేదు. నాన్న క్యాసెట్ ఇంకొక్కసారి వినిపించమని మాత్రం అడిగింది.

నాన్న పోవడానికి ముందు, బావ కొత్త టేప్‌రికార్డర్ తెచ్చి, మీ అమ్మాయితో మాట్లాడండని ఆయన ముందు పెట్టాడు. నాన్న దాన్నీ ఫోనే అనుకున్నారు. యంత్రమంటే బెరుకు కాబట్టి గోడకానుకుని దూరంగా కూర్చుని మాట్లాడారు. ఆ గొంతు మాకే లీలగా వినిపించేది, ఇక చెవి మిషన్ పెట్టుకున్నా అక్కకు హోరు తప్ప ఏమీ అందలేదు.

అందుకే రెండు తొమ్మిది వోల్టుల బ్యాటరీలతో శబ్దం పెంచే హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ కిట్ ఒకటి పోస్టులో తెప్పించి, వచ్చీరాని సోల్డరింగ్‌తో ఎలాగో కట్టాను. వోల్టేజీలన్నీ సరిచూసుకోకుండా హెడ్‌ఫోన్ తగిలించవద్దని అందులోని కాగితం గట్టిగా హెచ్చరించింది. మిగిలిన ఒక్క చెవితో ఆటలాడతామా? ఇలాంటివి కట్టిన అలవాటున్న రైలు స్నేహితుణ్ణి అడిగితే, వోల్టేజీ కొలిచే మీటరు నల్ల వైరు ఎర్త్‌కు పెట్టి, ఎర్రదానితో ఒక్కోచోటా చూడమన్నాడు.

ఎర్త్ అంటే మనకు తెలిసింది ఒకటే కదా. పెరట్లో స్టూలు వేసుకుని, నల్ల వైరును గుంటలోని ఎర్త్ పైపుకు చుట్టి చూశాను. ఎక్కడ పెట్టినా సున్నా. గుంట ఎండిపోయిందనుకుని నీళ్లు పోసి మళ్లీ చూశాను, మళ్లీ పోశాను. కుళాయి వచ్చే కాసేపట్లో పట్టిన నీళ్లన్నీ గుంట పాలు చేస్తే వంటకేం కావాలని మా ఆవిడ గొడవ. ఇంతలో రేపల్లె నుంచి మేనకోడలు ఫోన్ చేసి, అమ్మకిప్పుడు కుక్కర్ కూత కూడా వినపడటం లేదంది. ఆ మాట విన్నాక బాగున్న అతుకులు కూడా పీకి మళ్లీ అతికాను.

రైల్లో ఈ గోడంతా వెళ్లబోసుకుంటే మా స్నేహితుడు నవ్వాపుకోలేకపోయాడు. "బ్యాటరీతో నడిచేదానికి పెరట్లో ఎర్త్‌తో ఏం పనండి అన్నగారూ? రెండు బ్యాటరీలు కలిసే చోటుంది చూడండి, దానికదే ఎర్త్."

ఆ రోజు బాపట్లలో దిగాను గానీ ఆఫీసుకు పోలేదు, ఎదురు రైలెక్కి ఇంటికొచ్చేశాను. నల్ల వైరు ఆ చోట పెడితే ఒకవైపు ప్లస్ తొమ్మిది చూపించింది. రెండోవైపు ఏమీ లేదు. నా పీకుళ్లకు ఊడిన వైరది, అతకగానే మైనస్ తొమ్మిది వచ్చింది. ఇక మిగిలింది హెడ్‌ఫోన్ తగిలించే చోటు. అక్కడ మాత్రం సున్నా ఉండాలి, లేదంటే చెవికి ముప్పు. అన్నాళ్లూ తిట్టుకున్న సున్నా కోసమే ఈసారి ఎర్ర వైరు పెట్టి చూశాను. వచ్చింది.

సాయంత్రానికల్లా రేపల్లెలో ఉన్నాను. యాంప్లిఫయర్‌ను టేప్‌రికార్డర్‌కు కలిపి, అక్కకు హెడ్‌ఫోన్ పెట్టి, ఆమె ముఖమే చూస్తూ నెమ్మదిగా శబ్దం పెంచాను. ఫోనే అనుకున్నారు కనుక నాన్న ఒక మాట అడిగి, జవాబు కోసం ఆగేవారు. ఆ ఖాళీలన్నీ క్యాసెట్‌లో అలాగే ఉన్నాయి. మొదట ఆయన అడిగినదేమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు: "అమ్మాయీ, నా మాట వినపడతా ఉందా?"

అక్క కళ్లు మూసుకుని, చెవులు వినపడనివాళ్లు మాట్లాడేటంత గట్టిగా, "వినపడతా ఉంది నాన్నా" అంది.

వానలు మొదలయ్యేసరికి ఆ చెవి కూడా పోయింది.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు సెల్‌ఫోన్లలో గొంతులు పట్టి పంపుకుంటారు. ఎంతో స్పష్టంగా వినపడతాయి, కానీ చెప్పదలచింది చెప్పేసి ఆపేస్తారు, మధ్యలో ఎవరి కోసమూ ఆగరు. అది తప్పని కాదు, నాకే ఏదో వెలితిగా ఉంటుంది. గుంట పూడ్చవద్దని ఎలక్ట్రీషియన్‌కు చెప్పలేదు. అతను మట్టి వేసే ముందు మాత్రం వెళ్లి, ఒక బిందెడు నీళ్లు పోసి వచ్చాను.