తెర మీద లేచిన ముల్లు

ఫిల్మ్‌నగర్‌లో కార్డ్‌లెస్ మైకులు అద్దెకిచ్చే దుకాణంలో మూడేళ్లు మరమ్మతులు చేశాను. దుకాణం కింద, నా గది పైన. సినిమా వేడుకలకు వెళ్లొచ్చిన మైకులన్నీ నా బల్ల మీదికి చేరేవి. ఒక్కొక్కటే నోటి దగ్గర పెట్టుకుని "హలో, ఒకటి, రెండు, మూడు" అనేవాణ్ణి. కొన్ని రోజులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను పలికిన మాటలు అవే.

ఒక వేసవిలో ఆ మైకుల్లో గరగరమని చప్పుడు మొదలైంది. పొద్దున పదింటికి వచ్చి, పొద్దుగూకేసరికి పోయేది. విప్పి చూస్తే ఏ లోపమూ కనిపించేది కాదు.

"బాగుచేస్తున్నావా, పాడుచేస్తున్నావా?" అన్నాడు యజమాని, బేరానికి వచ్చినవాళ్ల ముందే.

గాలిలోంచి ఏదో సిగ్నల్ వచ్చి కలుస్తోందని నా అనుమానం. దాన్ని చూడాలంటే స్పెక్ట్రమ్ అనలైజర్ కావాలి. అంత యంత్రం కొనమని అడిగే ధైర్యం నాకు లేదు. ఉన్నదల్లా ఒక పాత ఆసిలోస్కోప్. వోల్టేజి క్షణక్షణానికి ఎలా మారుతోందో గీసి చూపుతుందే గాని, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బలముందో చెప్పలేదు. దానికి ఆ పని కూడా నేర్పాలనుకున్నాను. పాడైన టీవీలోంచి, చానళ్లను పట్టే ట్యూనర్ ఊడదీశాను. స్కోప్ తెర మీద చుక్కను ఎడమ నుంచి కుడికి నడిపించే వోల్టేజినే కాస్త పెంచి ట్యూనర్‌కిచ్చాను. చుక్క నడిచినంతసేపూ ట్యూనర్ ఫ్రీక్వెన్సీలు దాటుకుంటూ పోతుంది. ఎక్కడ సిగ్నల్ తగిలితే అక్కడ గీత ముల్లులా పైకి లేవాలి.

ఇరవై రోజులు పట్టింది. మొదటిసారి ముళ్లు లేచినప్పుడు "వచ్చింది!" అని పైకే అరిచి వెనక్కి తిరిగాను. చూపించడానికి ఎవరూ లేరు. కిందికి దిగి యజమానికి చెబితే, "అయితే మైకులెప్పుడిస్తావ్?" అన్నాడు.

ఆ ముళ్లలో చాలావరకు టీవీ చానళ్లవే. ఒకటి మాత్రం నిలకడ లేకుండా అటూ ఇటూ జరుగుతూ, సరిగ్గా మా మైకుల ఫ్రీక్వెన్సీ దగ్గర ఉంది. స్కోప్‌ను మేడ మీదికి మోసుకెళ్లి యాంటెన్నా తిప్పి చూశాను. మా దుకాణమున్న గుట్ట కింది రేకుల ఇంటివైపు తిప్పగానే అది నిటారుగా లేచింది. ఆ ఇంటి మీది టీవీ యాంటెన్నాకు సిగ్నల్ బలం పెంచే బూస్టర్ డబ్బా బిగించి ఉంది; నా అనుమానం దాని మీదికే పోయింది.

ఆ ఇంట్లో యాభై ఏళ్లావిడ డాన్సర్ల దుస్తులు కుడుతోంది. టీవీ ఆమె వెనక మోగుతోంది. దానివైపు చూడటం లేదు.

"మీ టీవీ యాంటెన్నాకున్న బూస్టర్ ఒక్క పది నిమిషాలు ఆపుతారా అండీ? మా మైకులకు అడ్డం వస్తోంది," అన్నాను.

"అది బంద్ చేస్తే టీవీ రాదు గద బిడ్డా. పొద్దుగాల కుట్టుడు షురూ చేసినప్పటి సంది గదే నాతోటి మాట్లాడుతది," అంది. అయినా లేచి స్విచ్ తీసేసింది.

మేడ మీదికి పరుగెత్తాను. ముల్లు లేదు. ఆ బూస్టర్ చెడిపోయి తానే సిగ్నల్ పంపుతోందని తేలిపోయింది. నా దగ్గరున్న మంచి బూస్టర్ తీసుకుని తిరిగి వెళ్లేసరికి ఆమె మిషన్ ఆపేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"వచ్చినవా? ఇల్లంత బోసిపోయినట్లయింది," అంది.

కొత్తది బిగించాను. బొమ్మ మునుపటికన్నా తేటగా వచ్చింది. ఆమె చాయ్ పెట్టింది.

"నువ్ ఒక్కనివే ఉంటవా?"

"అవునండీ."

"తిన్నవా మరి?"

అంతవరకూ ఆ ఊళ్లో నన్నెవరూ ఆ మాట అడగలేదు. ట్యూనర్ సంగతి, చుక్క సంగతి మొత్తం చెప్పాను. అర్థమైందో లేదో గాని, సూదిలో దారం ఎక్కిస్తూ "ఊఁ" కొడుతూ విన్నది.

నెల తర్వాత, బొమ్మ ఎలా వస్తోందో చూద్దామని వచ్చాననాలని మాటలు కూడబలుక్కుంటూ గుట్ట దిగాను. ఇంటికి తాళం ఉంది.

"ఇల్లు ఖాళీ జేసి మోతీనగర్ దిక్కు పోయింది. గాడ షాపుల పని దొరికిందంట," అన్నాడు పక్కింటాయన.

ఆమె పేరు నేను అడగలేదు. కాసేపు ఆ తలుపు ముందే నిలబడి, గుట్టెక్కి గదికి వచ్చేశాను.