టేపుతో కొలిచిన కోపం

వీధిలోని ఆడవాళ్లందరి నడుము కొలతలూ నోటికి చెప్పగల ఆ దర్జీ, తన బరువెంతో మాత్రం ఏనాడూ చూసుకోలేదు. తూకం ఎక్కమంటే, "నేనేమన్నా ఉల్లిపాయల బస్తానా?" అని కసిరేసేది.

ఆమె అయిదేళ్ల కూతురి అసలు పేరు బడి రిజిస్టరులోనే ఉంది. మిగతా లోకానికి ఆ పిల్ల టపాకాయ. గుండీ తప్పు కాజాలో దూరినా సరే, నేలమీద పడి కుట్టుమిషను చప్పుడుని మించి ఏడ్చేది. టీచరమ్మ భరించినన్నాళ్లు భరించి, పిల్లల ఆసుపత్రిలో చూపించమంది.

అత్తగారు వెంట రాగా వెళ్లింది. అక్కడొక ఫారం ఇచ్చారు. గర్భం రాకముందు తల్లి బరువెంత అని అందులో ఒక ప్రశ్న. ఆ రోజులనాటి అంకె ఆమెకు ఒక్కటే గుర్తుంది. అప్పుడు తనకోసం కుట్టుకున్న లంగా నడుము కొలత. కొలత కొలతే కదా అనుకుని ముప్పై ఎనిమిది అని రాసేసింది.

నర్సమ్మ కళ్లజోడు సర్దుకుంది. "ముప్పై ఎనిమిది కిలోలేనా? మరీ అంత బక్కగా ఉండేవారా?"

"ఇదా బక్కది!" అత్తగారు పకపకా నవ్వింది. "కాపురానికొచ్చిన కొత్తలో ఇది కూర్చున్న కుర్చీ మళ్లీ కోలుకోలేదు తల్లీ!"

"అవి అంగుళాలండీ," అని దర్జీ నసిగింది. నర్సమ్మ చేతిలో కలం జారిపడింది. అందరూ నవ్వారు, దర్జీ తప్ప.

"అయితే నా లావు వల్లేనా మేడమ్? నా ఒళ్లే దానికి కోపమై పుట్టిందా?"

నర్సమ్మ నవ్వు ఆపేసింది. "తల్లి మరీ లావుగా ఉన్నా, మరీ సన్నగా ఉన్నా పిల్లల మనసు మీద కాస్త ప్రభావం ఉండొచ్చంటారమ్మా. అంతేగానీ మీ పిల్ల కోపం మీ వల్లేనని ఎవరూ తేల్చి చెప్పలేరు. అది సరే, పాప ఏడిస్తే మీరేం చేస్తారు?"

"అరుస్తాను."

"నేను దీనికంటే గట్టిగా అరుస్తాను," అంది అత్తగారు గర్వంగా.

బిడ్డ ఏడిస్తే లోకమంతా తల్లి నడుము వైపే చూస్తుంది. తండ్రి పొట్ట ఎంతని ఆ ఫారంలో ఒక్క గడీ లేదు. ఆ మాట దర్జీకి ఇంటికొచ్చాక తోచింది. తోచినా గుండెలో గుచ్చుకున్న సూది మాత్రం ఊడిరాలేదు.

మర్నాడు నీలం దారపు ఉండ కనబడలేదని టపాకాయ పేలింది. అరవడానికి నోరు తెరిచిన దర్జీ, ఎందుకో మూసేసింది. మిషను వదిలి, మోకాళ్లను తిట్టుకుంటూ నేలమీద చతికిలబడి, మెడలోని టేపు తీసింది.

"ఎంతుందే నీ కోపం? చూపించు, కొలుస్తాను."

పిల్ల ఎక్కిళ్ల మధ్యే రెండు చేతులూ బార్లా చాపింది. "ఇంత!"

ముప్పై ఎనిమిది.

"ఓసి భడవా! అచ్చం అప్పటి నా నడుమంత!"

పిల్లకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ముక్కు తుడుచుకుని, "మళ్లీ కొలువు," అంది. ఈసారి ఇరవై రెండు. మూడోసారికి జానెడు. ఆ అంకెలన్నీ దర్జీ కొలతల పుస్తకంలో రాసుకుంది, ఏ గిరాకీకీ రాయనంత శ్రద్ధగా. గుండెలో సూది పూర్తిగా ఊడిందని కాదు గానీ, కాస్త వదులైంది.

ఇంతలో వంటింట్లోంచి అత్తగారి కేక: "ఆ గోలేంటే? ఇద్దరికీ పనీపాటా లేదా?"

టపాకాయ టేపు పట్టుకుని పరుగెత్తింది. "నానమ్మా, చేతులు చాపు! నీ కోపం కొలవాలి!"

"పోవే! నా కోపానికి మీ అమ్మ టేపులన్నీ ముడేసినా చాలవు."

అంటూనే గరిటె కింద పెట్టి, చేతులు చాపింది.